కొండవీటి చాంతాడంత కట్టడం

ఫ్రాన్సు పడమటి తీరానికి కాస్త లోపలగా, షరాంత్ నది ఒడ్డున రోష్‌ఫోర్ అనే ఊరుంది. అక్కడ నదికి సమాంతరంగా సాగిన ఒక రాతి భవనం పొడవు 374 మీటర్లు. వెడల్పు మాత్రం 8 మీటర్లే. పదిహేడు బోగీల రైలు ప్లాట్‌ఫారం మీద ఆగితే ఎంత మేర ఆక్రమిస్తుందో ఇంచుమించు అంత. పేరు కోర్డెరీ రొయాల్, అంటే రాజుగారి తాళ్ల కర్మాగారం. కట్టించినవాడు 14వ లూయీ కాబట్టి ఇదంతా డాబు కోసమేననిపించడం సహజం. వెర్సాయ్ ప్యాలెస్ విషయంలో అది నిజమే కావచ్చు గానీ ఇక్కడ కాదు. ఈ భవనం పొడవును రాజూ నిర్ణయించలేదు, వాస్తుశిల్పీ నిర్ణయించలేదు. తాడులోని పురి నిర్ణయించింది.

1660ల నాటికి ఇంగ్లండుకూ హాలండుకూ దీటైన నౌకాదళం ఫ్రాన్సుకు లేదు. లూయీ మంత్రి కోల్బేర్ ఆ లోటు తీర్చే పనిలో పడ్డాడు. అట్లాంటిక్ వైపు ఓడలు కట్టే స్థావరం కావాలి, అది శత్రువు ఫిరంగులకు అందకూడదు. తీరం నుంచి నది మెలికలు తిరుగుతూ ఇరవై కిలోమీటర్లకు పైగా లోపలికొస్తే రోష్‌ఫోర్. నది ముఖద్వారానికి ఎదురుగా ఎక్స్, ఒలెరాన్ వంటి దీవులు అడ్డు నిలుస్తాయి. 1666లో స్థలం ఖాయమైంది. అప్పటిదాకా అక్కడ చెప్పుకోదగ్గ ఊరే లేదు, చుట్టూ చిత్తడి నేల. ఆ బురదలో మొట్టమొదట లేచిన పెద్ద కట్టడాల్లో ఈ తాళ్ల కర్మాగారం ఒకటి. 1669 కల్లా పూర్తయింది. ఓడలకన్నా ముందు తాళ్ల తయారీకి ఏర్పాటు చేయడంలో ఆశ్చర్యమేమీ లేదు. తెరచాపల కాలంలో తాడు లేనిదే ఓడ కదలదు, నిలవదు కూడా. కొయ్య స్తంభాలను నిలబెట్టేది తాడు, తెరచాపను ఎత్తేదీ దించేదీ తాడు, లంగరును పట్టి ఉంచేది తాడు. బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ పతాకనౌక విక్టరీ లాంటి పెద్ద యుద్ధనౌకకు 40 కిలోమీటర్లకు పైగా తాడు పట్టేది. అది వాన, ఎండ, ఉప్పునీటిలో నాని కొన్నేళ్లకే చివికిపోతుంది. మళ్లీ పేనాల్సిందే.

ఇన్ని తాళ్లలోనూ కర్మాగారానికి అసలు పరీక్ష పెట్టేది లంగరు మోకు. లంగరు తన బరువుతో ఓడను ఆపుతుందని అనుకుంటాం గానీ, దాని కొక్కెం సముద్రం అడుగున మట్టిలో దిగబడితేనే పట్టు. మోకు నిట్టనిలువుగా లాగితే లంగరు ఊడి వచ్చేస్తుంది. ఏటవాలుగా, వీలైనంత నేలబారుగా లాగితే మరింత లోతుకు దిగుతుంది. అందుకే నీటి లోతుకు ఎన్నో రెట్లు మోకు వదలాలి. ఫ్రెంచి నావికులకు ఇది ఎంత అలవాటైన కొలతంటే, మోకు పొడవే సముద్రం మీద దూరాలకు కొలమానమైంది: 120 బారలు, అంటే దాదాపు 195 మీటర్లు. అంత పొడవున మోకు ఒకే ముక్కగా ఉండాలి. రెండు ముక్కలు కలిపి అల్లితే ఆ అతుకు దగ్గర లావెక్కుతుంది, ఓడ ముక్కు దగ్గరి రంధ్రంలో ఇరుక్కుంటుంది. తుఫానులో తెగేదీ చాలాసార్లు అక్కడే.

మరి 200 మీటర్ల మోకుకు 374 మీటర్ల ఇల్లెందుకు? ఇక్కడే పురి లెక్క. ఒక బారెడు దారం తీసుకుని రెండు కొసలూ పట్టుకుని బాగా మెలితిప్పండి. ఇప్పుడు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి, మధ్యలో వేలు పెట్టి వదలండి. దారం తనంతట తాను ఎదురు దిక్కుకు చుట్టుకుని రెండు పేటల తాడవుతుంది. అయ్యాక విప్పుకోదు. మొదటి మెలిక విప్పుకోవాలని ఒక దిక్కుకు లాగుతుంటే, రెండో మెలిక అవతలి దిక్కుకు లాగుతుంది. రెండూ సమానమైన చోట తాడు నిలుస్తుంది. ప్రపంచంలో తాళ్ల పనంతా ఈ చిన్న పేచీ మీదే ఆధారపడింది. పీచును ఒక దిక్కుకు తిప్పితే పోగు. కొన్ని పోగులను కలిపి ఎదురు దిక్కుకు తిప్పితే పేట. మూడు పేటలను మళ్లీ మొదటి దిక్కుకు తిప్పితే తాడు. లంగరు మోకుకైతే అలాంటి మూడు తాళ్లను మరోసారి ఎదురు దిక్కుకు తిప్పాలి. ప్రతి తిప్పుకూ పొడవు తరుగుతుంది, ఎందుకంటే నేరుగా పోవలసిన పోగు చుట్లు తిరుగుతూ పోతోంది. ఆ కాలపు వాడుక ప్రకారం మూడో వంతు తగ్గేది. 200 మీటర్ల మోకు కావాలంటే 300 మీటర్ల పోగులతో మొదలుపెట్టాలి. వాటిని నేల మీద చుట్టలుగా వేసి పని చేయడం కుదరదు. తిన్నగా, బిగువుగా లాగి ఉంచితేనే మెలిక ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా పాకుతుంది. ఎక్కడ వదులైతే అక్కడ చిక్కుపడి ముడి లేస్తుంది. పోగులకు 300 మీటర్లు, చివర్లలో తిప్పే యంత్రాలకు, జారే బండికి, మనుషులు తిరగడానికి ఇంకొంత. కట్టడం పొడవు తేలిపోయింది.

గణితం తెలిసినవాడికి ఇలాంటి పని అప్పగించడం కోల్బేర్ తెలివి. నక్షా గీసిన ఫ్రాన్స్వా బ్లోండెల్ గణితవేత్త, సైనిక ఇంజనీరు కూడా. పారిస్‌లో సెయింట్ డెనీ విజయద్వారం కట్టింది ఆయనే, తర్వాత రాజుగారి వాస్తుశిల్ప అకాడమీకి తొలి డైరెక్టరయ్యాడు. రోష్‌ఫోర్‌లో ఆయనకు ఎదురైన చిక్కు నేల. పొడవైన బరువైన గోడ మెత్తటి బురదలో ఒక్కో చోట ఒక్కోలా కుంగితే నిలువునా నెర్రెలిస్తుంది. ఆయన బురద మీద ఓక్ దూలాలను అడ్డంగా నిలువుగా గళ్లుగా పేర్చి, దాని మీద రాతి గోడలు లేపాడు. బరువు ఒక చోట పడకుండా ఆ గళ్ల మీద పరచుకుంటుంది. నేలలో కొయ్య కుళ్లిపోదా అనే అనుమానం రావచ్చు. కొయ్యను తినే శిలీంధ్రాలకు గాలి కావాలి. ఎప్పుడూ నీటిలో మునిగి ఉన్న కొయ్యకు గాలి అందదు, కాబట్టి శతాబ్దాలు నిలుస్తుంది. తడవడం, ఆరడం ఒకదాని తర్వాత ఒకటి జరిగితేనే దానికి చేటు. వెనిస్ నగరమంతా ఈ సూత్రం మీదే నిలిచింది. గోడలు పక్కకు ఒరగకుండా బయట ఊతగోడలున్నాయి. అవి కూడా మొద్దు రాతి దిమ్మల్లా కాక, పైన చుట్ట తిరిగిన వంపుతో నాజూగ్గా ఉంటాయి. వాటి మధ్య వరుసగా కిటికీలు. పైన పలకరాతి కప్పు, రెండు కొసల్లో రెండు మండపాలు. కర్మాగారమని చెప్పకపోతే ఎవరో ప్రభువు విడిది అనుకునేలా ఉంటుంది. పని కోసం కట్టిన కట్టడానికి ఇంత సోయగం దక్కడం ఆ కాలంలోనూ తరచు జరిగేది కాదు.

లోపల పని ఇలా నడిచేది. ముడిసరుకు హెంప్ అనే గంజాయి జాతి మొక్క నార. ఒక కొస మండపంలో దాన్ని నిల్వ చేసి, ఇనప పళ్ల దువ్వెనల మీద కొట్టి కొట్టి దువ్వేవారు. పొట్టు, చిక్కు, పొట్టి పీచు రాలిపోయి బారెడు పొడవు పీచు మిగిలేది. మేడమీద పోగులు వడికేవారు. వడికేవాడు దువ్విన నారను నడుముకు చుట్టుకుని, కొంత పీచు తిరిగే చక్రం కొక్కేనికి తగిలించి, వెనక్కి నడవడం మొదలుపెట్టేవాడు. చక్రాన్ని ఇంకొకడు తిప్పుతుంటే వీడు నడుము దగ్గర నుంచి కొద్దికొద్దిగా నార వదులుతూ, గుడ్డ పట్టిన చేత్తో పోగును నునుపు చేస్తూ, చూపు ముందుకీ అడుగు వెనక్కీ వేస్తూ పోయేవాడు. పోగు సన్నబడితే తెగుతుంది, లావైతే పేటలో ఇమడదు. ఆ కొలత వేళ్లకే తెలియాలి. రోజంతా ఇదే నడక.

పోగులకు తారు పట్టించేవారు. నార నీళ్లు పీల్చి కుళ్లకుండా ఉండటానికి ఇది తప్పదు గానీ, కొత్తగా ఉన్నప్పుడు తారు పట్టిన తాడు తెల్ల తాడంత బలంగా ఉండదు. బలం కొంత పోగొట్టుకుని ఆయుష్షు కొనుక్కోవడమన్నమాట.

అసలు వేడుక కింది అంతస్తులో. మూడు పేటలను బారుగా సాగదీసి, ఒక కొసలో మూడు కొక్కేలకు విడివిడిగా, ఇంకో కొసలో జారుడు బండి మీదున్న ఒకే కొక్కేనికి కలిపి తగిలించేవారు. పేటల మధ్య శంకువు ఆకారంలో ఒక కొయ్య దిమ్మె పెట్టేవారు. దాని చుట్టూ మూడు గాడులు, ఒక్కో గాడిలో ఒక్కో పేట. రెండు కొసల్లోనూ కొక్కేలు తిప్పుతుంటే దిమ్మె వెనక పేటలు ఒకదాన్నొకటి పెనవేసుకునేవి, ఆ పెనవేత ఒత్తిడికి దిమ్మె తనే ముందుకు జరిగేది. అది వేగంగా జరిగితే తాడు వదులు, నెమ్మదిగా జరిగితే గట్టి. దాన్ని అదుపు చేసేవాడే ఆ పూటకు మేస్త్రి. తాడు పొట్టిబడుతున్న కొద్దీ జారుడు బండి లోపలికి జరుగుతుంది. తొందరపడి రాకుండా దాని మీద బరువులు వేసేవారు. లావు మోకుకు వందమందికి పైగా కావలసి వచ్చేది. 1766 నుంచి 1852 దాకా రోష్‌ఫోర్‌లో ఖైదీల శిబిరం ఉండేది. ఓడరేవులో మోతపనికీ, చక్రాలు తిప్పడానికీ కాళ్లకు సంకెళ్లున్న వాళ్లను తెచ్చేవారు. రాజముద్రల కింద ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది గానీ, కట్టడం గురించి చెప్పేటప్పుడు వదిలేయదగ్గది కాదు.

బారెడు పీచుతో 200 మీటర్ల తాడు ఎలా నిలుస్తుంది అనే ప్రశ్న చాలా పాతది. 1638లో గెలీలియో తన చివరి పుస్తకంలో, మొదటి రోజు సంభాషణలోనే దీన్ని ఎత్తుకున్నాడు. ఆ సంభాషణ మొదలయ్యేది వెనిస్ నౌకా స్థావరం పొగడ్తతో. ఆ స్థావరంలోనూ 316 మీటర్ల తాళ్ల శాల ఉంది. 1303లో వెలసిన దాన్ని 1579, 1585 మధ్య రియాల్టో వంతెన కట్టిన అంతోనియో ద పోంతే మళ్లీ కట్టాడు. పురి పెట్టడం వల్ల పీచులు ఒకదాన్నొకటి నొక్కుకుని జారకుండా పట్టుకుంటాయని గెలీలియో చెప్పాడు. మాట సరైనదే, లెక్క మాత్రం చాలాకాలం తేలలేదు. 2018లో పాట్రిక్ వారెన్, రాబిన్ బాల్, రేమండ్ గోల్డ్‌స్టైన్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని గణాంకాల లెక్కతో వివరించారు. తాడును లాగితే మెలిక తిరిగిన పీచులు మరింత బిగుసుకుంటాయి, బిగుసుకున్న కొద్దీ రాపిడి పెరుగుతుంది, పెరిగిన రాపిడి ఇంకొంత లాగుడును పక్క పీచుకు అందిస్తుంది. రాపిడి ఒక హద్దు దాటాక ఈ గొలుసు ఎక్కడా తెగకుండా తాడు మొత్తం అల్లుకుంటుంది. ఆపైన పీచులు జారి తాడు ఊడదు, తెగితే పీచే తెగాలి.

మూడో వంతు తరుగుదలకూ ఒక కారణం ఉంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన యాకోబ్ బోర్, కాస్పర్ ఓల్సెన్ 2011లో దీన్ని శుద్ధ రేఖాగణితంగా తేల్చారు. మూడు పేటలను పెనవేస్తూ పోతే ఒక దశ దాటాక ఇంకొక్క చుట్టుకూ చోటుండదు. ఆ దశకు చేరిన తాడును లాగినా అటూ తిరగదు, ఇటూ తిరగదు. అప్పటి తాడు పొడవు పేట పొడవులో సుమారు 68 శాతం. నారైనా, నైలానైనా, ఉక్కైనా ఇదే లెక్క. రోష్‌ఫోర్ మేస్త్రీలు మూడింట రెండు వంతులని అనుభవంతో పట్టుకున్నది దీన్నే.

అయితే తాడు ఎక్కడ స్థిరంగా నిలుస్తుందో అక్కడే గట్టిగా ఉంటుందని లేదు. ఇది తేల్చినవాడు హెన్రీ లూయీ దుహామెల్ దు మోన్సో. 1739లో ఫ్రెంచి నౌకాదళానికి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు, 1747లో తాళ్ల తయారీ మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒకే నార, ఒకే బరువు తాళ్లను వేర్వేరు మోతాదుల్లో పురి పెట్టి, తెగేదాకా బరువు వేలాడదీశాడు. మూడో వంతు కుదించి పేనినది 4,098 పౌండ్లకు తెగింది. నాలుగో వంతు కుదించినది 4,850 దాకా ఓర్చుకుంది. అయిదో వంతు మాత్రమే కుదించినది 6,205 దాకా! పురి ఎక్కువైతే పీచు బలం తాడు పొడవు దిశలో పడకుండా పక్కకు పోతుంది, కొంత బలం ఒకదాన్నొకటి నొక్కుకోవడానికే ఖర్చవుతుంది. పైగా నాలుగో వంతు తరుగుదల చాలనుకుంటే అదే 300 మీటర్ల పోగుల నుంచి 225 మీటర్ల తాడు వస్తుంది. బలమూ ఎక్కువే, సరుకూ ఆదాయే. వదులు తాడు ఆకారం చెడుతుంది, నీళ్లు ఎక్కువ పీలుస్తుంది అనే మేస్త్రీల అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కానీ వదులుకూ బిగువుకూ మధ్య ఎక్కడ ఆగాలో కొలిచి చెప్పినందుకు, ప్రయోగశాల అనే మాట అంతగా వాడుకలో లేని రోజుల్లో తాళ్ల శాలనే ప్రయోగశాల చేసినందుకు, నా లెక్కలో దుహామెల్‌ది ఈ కథలో బ్లోండెల్ కన్నా పెద్ద పాత్ర.

ఇలాంటి శాలలకు నిప్పంటే హడల్. ఎండు నార, గాలిలో దాని ధూళి, పక్కనే తారు. 1776 డిసెంబరు 7న ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ తాళ్ల శాలను జేమ్స్ ఐట్కెన్ అనే రంగులు వేసే పనివాడు తగలబెట్టాడు. అమెరికా తిరుగుబాటుదారుల పట్ల అభిమానంతో చేశాడు. బ్రిటిష్ నౌకాదళాన్ని దెబ్బ తీయాలంటే ఓడల జోలికి పోనక్కర్లేదని, తాళ్ల శాల చాలని అతనికి తెలుసు. మరుసటి మార్చిలో అరెథ్యూసా అనే ఓడ స్తంభాన్ని ఊడదీసి తెచ్చి, రేవు గేటు ముందు పాతి, దాని మీద అతన్ని ఉరి తీశారు.

నార కోసం పడిన పాట్లలో మన నేల ప్రస్తావన కూడా ఉంది. బ్రిటిష్ నౌకాదళం రష్యా నుంచి రీగా రేవు మీదుగా వచ్చే హెంప్ మీద బతికేది. నెపోలియన్ యుద్ధాల్లో ఆ దారి మూసుకుపోతే ఎలా అనే బెంగ పట్టుకుంది. ఈస్టిండియా కంపెనీ చూపు మన జనుము వైపు మళ్లింది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల తోట నడిపి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ అక్కడ జనుముతో సహా అనేక దేశీ నారలను హెంప్‌తో పోల్చి బలం పరీక్షించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వెలువరించిన సంపుటాల్లో తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. జనుము, గోగునార తాళ్లు పేనడం గోదావరి జిల్లాల రైతుకు అప్పటికే తెలిసిన విద్య. ఒకరు కొక్కెం తిప్పుతుంటే ఇంకొకరు నార అందిస్తూ వెనక్కి నడిచి పలుపులూ పగ్గాలూ పేనడం మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నదే. ఎద్దు పగ్గానికి వీధి పొడవు చాలు, లంగరు మోకుకు చాలదు, అంతే తేడా.

పొడవైన శాలల అవసరం పందొమ్మిదో శతాబ్దంలో ఒక్కసారిగా కాదు, నాలుగు వైపుల నుంచి తగ్గింది. లంగరుకు ఇనప గొలుసు వచ్చింది. 1834లో జర్మనీ గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బెర్ట్ ఇనప తీగల తాడు చేశాడు. పేనిన తాడును పేనినట్టే చక్రానికి చుట్టుకుపోయే యంత్రాలు వచ్చాయి, 1792లోనే ఎడ్మండ్ కార్ట్‌రైట్ అలాంటిదొకటి చేశాడు. యంత్రమే తిరుగుతూ తాడును చుట్టుకుంటుంటే చిన్న గది చాలు. ఇక ఆవిరి ఓడలొచ్చి తెరచాపలు దిగిపోయాయి. 1867లో రోష్‌ఫోర్ తాళ్ల శాల మూతబడింది. 1927లో నౌకా స్థావరమే మూసేశారు. 1944 ఆగస్టులో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం నిప్పు పెడితే కప్పు కూలిపోయింది. గోడలు మిగిలాయి, వాటి మధ్య ముళ్లపొదలు, చెట్లు మొలిచాయి. ఇరవై ఏళ్లపాటు దాని ఊసు ఎవరూ పెద్దగా ఎత్తలేదు. 1960లలో మోరిస్ దుపోన్ అనే అడ్మిరల్ చొరవ తీసుకుని ఆ పొదలు కొట్టించాడు. 1967లో చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. మరమ్మతులు 1988 దాకా సాగాయి. చుట్టూ బెర్నార్ లాసూస్ రూపకల్పన చేసిన తోట వేశారు, ఓడల్లో దూరదేశాల నుంచి వచ్చిన మొక్కల జ్ఞాపకంగా. మన బాల్కనీల్లో కుండీల్లో పెంచుకునే బెగోనియాకు ఆ పేరు ఈ ఊళ్లో రాజప్రతినిధిగా పనిచేసిన మిషెల్ బేగోన్ వల్ల వచ్చింది.

పక్కనే ఉన్న పాత డ్రై డాక్‌లో 1997లో ఎర్మియోన్ అనే యుద్ధనౌక నమూనాను పాత పద్ధతిలో కట్టడం మొదలుపెట్టారు. 1780లో ఫ్రెంచి సేనాని లఫాయెట్‌ను అమెరికా చేర్చింది అసలు ఎర్మియోన్. నమూనాకు సుమారు 25 కిలోమీటర్ల తాడు పట్టింది, 2015లో అది అట్లాంటిక్ దాటి వెళ్లొచ్చింది.

ఇప్పుడు కోర్డెరీ లోపల మ్యూజియం, ఊరి గ్రంథాలయం ఉన్నాయి. గదులుగా విడగొట్టడం వల్ల ఒక కొస నుంచి ఇంకో కొసకు చూపు సాగదు. అది నాకు నచ్చని సంగతి, 374 మీటర్లను బయటి నుంచి మాత్రమే చూడగలగడం సగం చూడటమే. అడ్డు లేకుండా చూడాలనుకునేవారికి ఇంగ్లండులోని చాటమ్ ఉంది. 1786, 1791 మధ్య కట్టిన 346 మీటర్ల ఇటుక శాల, నౌకాదళం 1984లో వెళ్లిపోయినా పని ఆగలేదు. 1811 నాటి యంత్రాల మీద పేటలు పోసి, ఆ పొడవునా సాగదీసి, ఇప్పటికీ అక్కడ తాళ్లు పేని అమ్ముతున్నారు.